పత్తి గదిలో గొంతు

ఆ ఏడాది పత్తికి మంచి ధర పలకలేదు. ఏరిన పత్తిని అప్పుడే అమ్మడం ఇష్టంలేక బాపు దాన్ని మా ఇంటి పడమటి గదిలో పోయించాడు. నేను పని చేసుకునే గది అదే. మొదట్లో మూలకు మోకాలెత్తు కుప్ప ఉండేది. పుష్యమాసం వచ్చేసరికి అది దూలాల దాకా పెరిగి, కిటికీ కింద ఒక చిన్న బల్ల, ఒక కుర్చీ పట్టేంత చోటు మాత్రం నాకు మిగిలింది. గది తలుపు వేసుకుంటే బయటి చప్పుడు ఏదీ లోపలికి వచ్చేది కాదు. నేను దగ్గినా ఆ దగ్గు నా దగ్గరే ఆగిపోయేది. అంత మెత్తటి నిశ్శబ్దం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

మాది జనగామ జిల్లాలో బచ్చన్నపేట దగ్గరి పల్లె. డిగ్రీ అయ్యాక ఒక చిన్న మార్కెటింగ్ ఏజెన్సీలో చేరాను. చిన్నదంటే మరీ చిన్నది, ముగ్గురమే. ఏజెన్సీ నడిపే అక్క భూపాలపల్లిలో ఉండేది. ఆమె భర్తకు బొగ్గు గనిలో ఉద్యోగం. వాళ్ళ క్వార్టర్ వంటింటి పక్క గదే ఏజెన్సీకి హెడ్డాఫీసు. బొమ్మలు, వీడియోలు తయారుచేసే అన్న జనగామ పట్టణంలో ఇనుప సామాను దుకాణం వాళ్ళ అబ్బాయి. మాటలు రాయడం నా పని. బట్టల దుకాణాలు, మిఠాయి కొట్లు, పళ్ళ దవాఖానలు, విత్తనాల షాపులు, ఇలా చిన్న ఊళ్ళ వ్యాపారాలకు ఫోన్లలో కనిపించే ప్రకటనలు, కరపత్రాలు, ఆటోల్లో తిరిగే మైకు ప్రకటనలు మేం చేసిపెట్టేవాళ్ళం.

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు అక్క ఫోన్‌లో మాట్లాడదామంది. మాట్లాడను, రాసి పంపిస్తానన్నాను. ఏం రాయాలో తోచక మా ఊరి కిరాణా కొట్టు గురించి ఒక పేజీ రాసి పంపాను. ఆ కొట్టాయన బెల్లం తూకం వేసి, చేతికంటిన ముక్కను పిల్లల నోట్లో పెట్టే తీరు గురించి రాసినట్టు గుర్తు. మర్నాడే అక్క చేరమని జవాబిచ్చింది. అలా ఎనిమిది నెలలు పనిచేశాను. ఆ ఎనిమిది నెలల్లో నేనెలా ఉంటానో వాళ్ళు చూడలేదు, నా గొంతెలా ఉంటుందో వినలేదు.

రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు ముగ్గురం ఫోన్‌లో కలుసుకునేవాళ్ళం. పని మాటల కంటే ముందు అక్క ఒకటే అడిగేది: "ఏం కూర?" ఇంట్లో ఆ రోజు వండిన కూర ఏమిటో ముగ్గురం చెప్పాలి. అప్పుడే పని మొదలు. ఎందుకిలా అని అన్న ఒకసారి అడిగితే, తినకుండా కూర్చున్నవాళ్ళు రాసేదీ గీసేదీ ఎండిపోయినట్టు ఉంటుందని, అది తనకు చూడగానే తెలిసిపోతుందని చెప్పింది. అన్న గొంతెత్తి చెప్పేవాడు, చాలాసార్లు పప్పే. నేను మాత్రం నా మైకు మూసి ఉంచి, 'బీరకాయ' అనో 'చింతచిగురు పప్పు' అనో టైపు చేసేదాన్ని. అక్క దాన్ని పైకి చదివేది. మా ఇంటి కూరల పేర్లు ఎనిమిది నెలలు ఆమె గొంతులోనే వినబడ్డాయి.

నా డైరీలో ఆ రోజుల పేజీలన్నీ కూరతోనే మొదలవుతాయి. ఇప్పుడు తిరగేస్తుంటే నవ్వొస్తుంది. 'కూర: దోసకాయ. విత్తనాల షాపుకు నాలుగు లైన్లు. జనగామ లైబ్రరీ పుస్తకం గడువు రేపటితో సరి.' ఇంతే ఉంటుంది. అయినా ఆ గదిలోకి పడే ఎండ, పత్తి గింజల వాసన, కుప్ప మీద పడుకుని చదివిన మధ్యాహ్నాలు ఆ లైన్లలోంచే లేచి వస్తాయి. లైబ్రరీ పుస్తకాలు పత్తిలోనే దాచేదాన్ని. ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, ఊరికే, దాచుకోవడం ఇష్టమై.

బాపుకు నా ఉద్యోగం ఒక వేడుక. పొద్దున నేను వాకిలి దాటి పడమటి గదిలోకి అడుగు పెడుతుంటే, బిడ్డ ఆఫీసుకు పోతోంది, దారి ఇవ్వమని కోళ్ళకు చెప్పేవాడు. మధ్యాహ్నం తలుపు కొట్టి, "ఆఫీసు తలుపు తెరువు బిడ్డా, పత్తి జర ఎండకు పొయ్యాలె" అనేవాడు. అమ్మకు మాత్రం అది వేడుక కాదు. ఇంట్లో కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని ఉద్యోగం అంటారా అని ఇరుగుపొరుగు అడిగిన ప్రతిసారీ ఆమెకు జవాబు తోచేది కాదు. అందుకని నాతో ఒక ఒప్పందం చేసుకుంది. ఈ పని నిలబడితే సరే. పోయిందంటే మాత్రం మారుమాట లేకుండా బచ్చన్నపేటలోని ప్రైవేటు బడిలో టీచరుగా చేరాలి. ఆ బడి సారు మాకు దూరపు చుట్టం, ఎప్పుడైనా రమ్మన్నాడు. నలభై మంది పిల్లల ముందు నిలబడి గొంతెత్తడం ఊహించుకుంటేనే పత్తి గదిలోకి పోయి తలుపు వేసుకునేదాన్ని.

గొంతంటే అమ్మదే. పత్తి ఏరే రోజుల్లో తెల్లవారుతుండగా అమ్మ వీధి మొగదల నిలబడి కూలి ఆడవాళ్ళను పిలిచేది. "రాండ్రే, పొద్దెక్కుతుంది" అని ఒక్క కేక వేస్తే మూడు వాడలు లేచేవి. పేరు పేరునా పిలుస్తూ, ఒకరిని ఎగతాళి చేస్తూ, ఒకరిని బతిమాలుతూ చివరిదాకా నడిచేది. బడికి పోయే రోజుల్లో నాతోటి పిల్లలు, మీ అమ్మకు మైకు అక్కర్లేదని నన్ను ఆటపట్టించేవాళ్ళు. నేను మెల్లగా మాట్లాడడం అప్పుడే మొదలుపెట్టి ఉంటాను.

ఆ చలికాలంలో మా ఏజెన్సీకి పెద్ద పని మానుకోట నుంచి వచ్చింది. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడి బజారులో ఒక సేటుకు మూడు అంతస్తుల బట్టల దుకాణం. కరపత్రాల నుంచి మొదలుపెట్టి ఆటో మైకుల దాకా అన్నీ మాకే అప్పజెప్పాడు. మిగతా గిరాకీలన్నీ కలిపినా ఆయనిచ్చే పనిలో సగం కావు. ఈ ఒక్కడు నిలిస్తే ముగ్గురం నిలుస్తామని, ఈయన జారితే ముగ్గురికి పని చూపడం తన వల్ల కాదని అక్క దాచకుండా చెప్పింది. జారితే ముందు పోయేది చివర చేరినదాన్ని నేనేనని ఆమె అనలేదు, నేనే అనుకున్నాను.

మాఘమాసం పెళ్ళిళ్ళ కోసం సేటు ఆటో ప్రకటన అడిగాడు. అంతకుముందు పట్నంలో ఎవరితోనో చదివించిన ప్రకటన ఆయనకు నచ్చలేదు. తన గిరాకీ అంతా పక్క మండలం గూడూరు దిక్కు పల్లెల నుంచి వస్తుందని, ఆ టీవీ మాటలు విని ఎవరూ తల కూడా తిప్పడం లేదని, మనోళ్ళు మాట్లాడినట్టు ఉండాలని అన్నాడు. నాకు మా ఊరి చాటింపు గుర్తొచ్చింది. పంచాయతీ కబురేదైనా ఉంటే డప్పు కొట్టే పెద్దాయన వాడవాడకూ వచ్చి, నాలుగు దెబ్బలు వేసి, ఆగి, కబురు చెప్పి, మళ్ళీ నాలుగు దెబ్బలు వేసి కదిలేవాడు. అలాగే రాశాను. 'అక్కలారా, అవ్వలారా, జర ఆగి ఇనుండ్రి. ఇంట్ల లగ్గం పెట్టుకున్నోళ్ళు ఎవరన్న ఉంటే ఇంకింత దగ్గరికి రాండ్రి' అని మొదలవుతుంది. పెళ్ళికూతురి చీర దగ్గర్నుంచి పెళ్ళికొడుకు మేనమామ కండువా దాకా వరస పెట్టి పిలిచాను.

అక్క చదివి చాలాసేపు నవ్వింది. తర్వాత, ఇది చదవాల్సిందెవరని అడిగి, తనే జవాబు చెప్పింది. "ఇది నువ్వే సదువాలె చెల్లె. మేం సదివితే అతికిచ్చినట్టు ఉంటది." నా వల్ల కాదని టైపు చేశాను. మూడుసార్లు చేశాను. అక్క చదవలేదో, చదివీ పైకి అనలేదో తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మా బాపూ చేనుకు పోయాక పడమటి గది తలుపు వేసుకున్నాను. కిటికీ మూశాను. పత్తి కుప్పలో ఒక గుంట చేసుకుని అందులో కూర్చుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చదివాను. మెల్లగా చదివితే చాటింపులా లేదు. గొంతు కొంచెం పెంచాను. ఇంకొంచెం పెంచాను. పత్తి అంతా మింగేస్తోంది కదా, ఎవరికీ వినపడదు కదా అన్న ధైర్యంతో ఎంత పెంచానో నాకే తెలియదు. ఒక్కసారే చదివి, వెనక్కి తిప్పి వినకుండానే అన్నకు పంపేశాను.

రికార్డింగు గొప్పగా ఉందని, ఏ స్టూడియోలో చేశావని అన్న మెసేజ్ పెట్టాడు. ముందూ వెనకా డప్పు చప్పుడు కలిపి రెండు రోజుల్లో మొత్తం తయారుచేసి గ్రూపులో పెట్టాడు. డప్పు ఎక్కడి నుంచో తెచ్చింది కాదు, తనే రికార్డు చేసిన అసలు సిసలు డప్పని గర్వంగా చెప్పాడు. విని సరేననడం నా పని. అది మా పద్ధతి. ఎవరు ఏది చేసినా రాసిన మనిషి చివరిసారి చూసి సరేనంటేనే బయటికి వెళ్తుంది. నేను ఫైలు నొక్కబోయి ఆగాను. బయట వాకిట్లో అమ్మ ఉంది. అమ్మ లేకపోయినా నొక్కేదాన్ని కానేమో. నా గొంతు నేను వినడం అంటే, అద్దంలో కాకుండా పక్కనుంచి నన్ను నేను చూసుకున్నట్టు ఒళ్ళు ముడుచుకుపోయేది. బొటనవేలు బొమ్మ పెట్టి, బాగుందని రాశాను. ఆ ఫైలును ఒక్క సెకను కూడా వినలేదు.

ఆటో బయల్దేరిన రోజు పదకొండు దాటాక అక్క ఫోన్ చేసింది. గ్రూపులో కాదు, నా ఒక్కదానికే చేసింది. ఎత్తాను, మాట్లాడలేదు. అక్క గొంతు చిన్నగా ఉంది. సేటు ఫోన్ చేశాడని, ఆటో రెండు ఊళ్ళు తిరిగేసరికి వెనక్కి పిలిచాడని చెప్పింది. తర్వాత అడిగింది: "నువ్వు ఊరిదానివి గద చెల్లె, నీకు తెలుస్తదని నేను పైపైన ఇన్న. నువ్వు ఇన్నవా, లేదా?"

జవాబు చెప్పకుండా పెట్టేశాను. ఫైలు తెరిచి, మొదటిసారి నొక్కాను. గది తలుపు తీసే ఉంది. వాకిట్లో అమ్మ చేటలో కందులు చెరుగుతోంది. ఫోన్‌లోంచి డప్పు మొదలైంది. ఆగి ఆగి, బరువుగా, ఒక్కో దెబ్బ కింద కూలినట్టు పడుతోంది. అమ్మ చెయ్యి ఆగింది. చేట కింద పెట్టి, కొంగు సర్దుకుని, వీధి వాకిలి దాకా వెళ్ళి అటూ ఇటూ చూసింది.

"ఎవలు పోయిండ్రే?" అని నన్నడిగింది.

మా దిక్కున డప్పు ఏ సంగతి చెబుతోందో చూడాల్సిన పని లేదు. చాటింపు దెబ్బ వేరు, బోనాల దెబ్బ వేరు, పెళ్ళి దెబ్బ వేరు, మనిషి పోయినప్పటి దెబ్బ వేరు. ఇంట్లో పడుకున్నవాళ్ళకు కూడా తెలుస్తుంది. జనగామ అన్న పట్టణంలో పెరిగినవాడు. ఆ మధ్య ఒక రోజు పని చేసుకుంటుంటే వీధిలోంచి డప్పు వినపడిందట. చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి, బాగుందనుకుని, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే ఫోన్‌ను కిటికీలో పెట్టి రికార్డు చేసుకున్నాడట. బయటికి తల పెట్టి ఒక్కసారి చూసి ఉంటే పూలు చల్లుకుంటూ పోతున్న మనుషులు కనిపించేవాళ్ళు. అతను చూడలేదు. నేను వినలేదు.

అలా పెళ్ళి బట్టల ప్రకటనను చావు డప్పుతో గూడూరు దారిలోని ఊళ్ళకు పంపించాం.

మర్నాడు తొమ్మిదిన్నరకు ముగ్గురం ఫోన్‌లో కలిశాం. ఆ రోజు డైరీలో ఒక్కటే లైనుంది. 'కూర: ఎవరూ అడగలేదు.' మానుకోటకు వెళ్ళి సేటును కలవాలని, పనే వదులుకుంటాడో ఇంకో అవకాశం ఇస్తాడో ఆయన ముఖం చూస్తేగాని తెలియదని అక్క చెప్పింది. తనూ అన్నా వెళ్తామంది. నన్ను రమ్మనలేదు. ఆ రమ్మనకపోవడమే నాకు బాగా తగిలింది. వాళ్ళు పోయి మాటలు పడి వస్తారు, నేను పత్తిలో కూర్చుని ఏమైందో చదువుకుంటాను. నేనూ వస్తానని టైపు చేశాను. అక్క దాన్ని పైకి చదివి, జనగామలో అన్నతో కలిసి రైలెక్కమంది.

బాపుకు సంగతి చెబితే ముందు నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత తప్పు ఎవరిదని అడిగాడు. నాదేనన్నాను. "గట్లయితె పోవాలె" అని మర్నాడు తెల్లారే బండి తీశాడు.

జనగామ స్టేషన్లో అన్నను గుర్తుపట్టడం ఎలాగా అని బెంచీ మీద కూర్చుని ఉన్నాను. కళ్ళద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి ఒకతను రెండుసార్లు నా ముందునుంచి పోయి, మూడోసారి ఆగాడు. నా స్వెటర్ భుజం మీద అంటుకున్న పత్తి పింజ వైపు చూపించి, "పత్తి గది చెల్లెవు నువ్వేనా?" అన్నాడు. తలూపాను. ఇద్దరం మానుకోట రైలెక్కాం. కాజీపేట దాటాక అతను సంచిలోంచి డబ్బా తీసి, పప్పే, తింటావా అని అడిగాడు.

అక్క వరంగల్ దాకా బస్సులో వచ్చి, అక్కడ రైలెక్కి, మాకంటే ముందే మానుకోట చేరింది. ప్లాట్‌ఫాం మీద ఆమెను చూసి నాకు నమ్మబుద్ధి కాలేదు. అంత నిండు గొంతున్న మనిషి నా భుజం దాకా కూడా లేదు. దగ్గరికొచ్చి నా చెంప నిమిరింది. "గింత పొడుగున్నవేందే. నువ్వు చిన్నగ ఉంటవనుకున్న" అంది.

సేటు దుకాణంలో గద్దె మీద కూర్చుని ఉన్నాడు. అరవకపోవడం వల్ల ఆయన కోపం ఇంకా పెద్దదిగా కనిపించింది. మమ్మల్ని కూర్చోమనలేదు. ఆటో నడిపిన పెద్దమనిషిని పిలిచి, ఏం జరిగిందో వీళ్ళకు నీ నోటితోనే చెప్పమన్నాడు. మొదటి ఊళ్ళో డప్పు వినగానే ఆడవాళ్ళు పనులు వదిలేసి వాకిళ్ళలోకి వచ్చారట. ఒక ముసలమ్మ ఆటోకు అడ్డం నిలబడి, ఎవరి శవమని అడిగిందట. రెండో ఊళ్ళో నిజంగానే ఒక ఇంట్లో లగ్గం పెట్టుకున్నారు. మాటలు అయిపోయి మళ్ళీ డప్పు పడగానే ఆ ఇంటి పెద్దాయన కర్ర పట్టుకుని ఊరి బయటి దాకా తరిమాడట. "నేను ఆటో నడుపుతున్ననా, పాడె మోస్తున్ననా నాకే తెల్వలే బిడ్డా" అన్నాడు ఆయన. గుమస్తాలు నవ్వబోయి సేటు ముఖం చూసి ఆగిపోయారు.

అక్క చెప్పడం మొదలుపెట్టింది. దూరం దూరంగా కూర్చుని పని చేస్తామని, ఇలాంటిది ఎప్పుడూ జరగలేదని, తాను ఇంకా జాగ్రత్తగా చూడవలసిందని అంటోంది. తప్పంతా తన మీదికే తీసుకుంటోంది. అన్న తల దించుకుని నేలను చూస్తున్నాడు. మాట్లాడాలని అనుకోలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేను ఇనలే సేటు" అన్నాను. "ఇని సరే అనాల్సింది నేనే. అండ్ల ఉన్న గొంతు నాది. నా గొంతు నాకు ఇనబుద్ధి గాక, మొత్తం ఇనకుండనే బాగుందని రాసిన."

అక్క నా వైపు తిరిగింది. ఆమె నా గొంతును ఎదురుగా వినడం అదే మొదటిసారి. సేటు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"గా గొంతు నీదేనా?" అన్నాడు.

అవునన్నాను. ఆయన ఆటో పెద్దమనిషి వైపు చూశాడు. ఆయన తలూపి, డప్పు మాట ఎట్లున్నా ఆ పిల్ల చెప్పింది మాత్రం రెండూళ్ళవాళ్ళూ నిలబడి చివరిదాకా విన్నారని, ఏ ఊరి ఆడబిడ్డని తనను అడిగారని చెప్పాడు. సేటు బట్టల తాను మీద వేళ్ళతో తట్టాడు. సాయంత్రం నాలుగింటికి ఆటో మళ్ళీ బయల్దేరాలన్నాడు. ఈలోగా డప్పుతో సహా కొత్తగా చెయ్యాలన్నాడు. అది కుదరకపోతే ఇక్కడితో సరి, ఎవరి దారి వాళ్ళదే. ఇంకొక షరతు కూడా పెట్టాడు, అది నాకు. "ఆటో కదిలే ముందట, నువ్వు నా దుకాణం మెట్ల మీద నిలబడి మొత్తం ఇనాలె. పెద్ద మైకుల. మొదటి నుంచి ఆఖరు దాకా."

అప్పటికి పన్నెండున్నర. రికార్డు చేయడానికి బజారులో చప్పుడు లేని చోటు ఎక్కడుంటుందని అన్న కంగారు పడ్డాడు. నేను గుమస్తాను అడిగి మేడ మీది గోదాములోకి వెళ్ళాను. గోడల వెంట నేల నుంచి కప్పు దాకా చీరల కట్టలు, దుప్పట్ల మూటలు. తలుపు వేయగానే బజారు ఆగిపోయింది. మా పడమటి గదిలోని నిశ్శబ్దమే అక్కడా ఉంది. పత్తి కాస్తా బట్టైంది, అంతే తేడా. దుప్పట్ల మూట మీద కూర్చుని చదివాను. అక్క తలుపు దగ్గర నిలబడి వింది. ఈసారి గొంతు పెంచమని నాకెవరూ చెప్పనవసరం లేకపోయింది.

ఆలోగా ఆటో పెద్దమనిషి అన్నను ఊరి చివర తనకు తెలిసిన డప్పు కళాకారుడి ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ జరిగింది అన్న మాకు తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆయన డప్పు తీసి, గడ్డి మంట వేసి దాన్ని కాగబెడుతూ, కట్టె చేతిలోకి తీసుకోకముందే అడిగాడట: "దేనికి?" ఏ పనికి కొట్టాలో తెలియకుండా డప్పు మీద దెబ్బ ఎలా పడుతుందని ఆయన ఉద్దేశం. ఆ ఒక్క మాట మన ముగ్గురిలో ఎవరం అడిగి ఉన్నా సరిపోయేది కదా అనేవాడు అన్న.

నాలుగింటికి పది నిమిషాలుండగా ఆటో దుకాణం ముందు ఆగింది. పైన రెండు పెద్ద మైకులు, చుట్టూ పెళ్ళికూతుళ్ళ ఫ్లెక్సీలు. సేటు గద్దె దిగి గుమ్మంలోకి వచ్చాడు. నేను మెట్ల మీద నిలబడ్డాను. బజారులో పోయేవాళ్ళు పోతున్నారు. పక్క కొట్టువాళ్ళు మొన్నటి సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి పని ఆపి చూస్తున్నారు. పారిపోవడానికి చోటు లేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది. ధైర్యానికో, పారిపోకుండానో తెలియదు.

డప్పు మొదలైంది. గబగబా నాలుగు దెబ్బలు, ఆగి, మళ్ళీ నాలుగు. ఎదురుగా పండ్ల బండి దగ్గరున్న ఒక అవ్వ, ఏం కబురో అన్నట్టు ముఖం ఇటు తిప్పింది. తర్వాత గొంతు వచ్చింది. 'అక్కలారా, అవ్వలారా, జర ఆగి ఇనుండ్రి.'

నా గొంతును గుర్తుపడతాననుకున్నాను. కాదు. అది మా అమ్మ గొంతు. తెల్లవారుజామున వీధి మొగదల నిలబడి వాడలను లేపే గొంతు. ఆ ఎత్తు, ఆ విరుపు, చివర 'రాండ్రి' అన్నప్పుడు కొంచెం బతిమాలి కొంచెం బెదిరించే ఆ తీరు, అన్నీ అమ్మవే. మంచుపొద్దుల్లో దుప్పటి ముసుగులోంచి విని, సిగ్గుపడి, ఇంకా లోపలికి ముడుచుకున్న ఆ గొంతే మానుకోట బజారు నడుమ నా పేరు మీద వినబడుతోంది. పెళ్ళికొడుకు మేనమామ కండువా దగ్గరికి వచ్చేసరికి అవ్వ నవ్వింది. చివరిదాకా విన్నాను. మళ్ళీ డప్పు పడి ఆగేదాకా మెట్లు దిగలేదు.

సేటు ఆటో పెద్దమనిషికి పొమ్మని చెయ్యి ఊపి లోపలికి పోయాడు. ఆటో గూడూరు దారి పట్టింది. కాసేపటికి గుమస్తా మాకు మూడు కుర్చీలు తెచ్చి వేశాడు. ఆ కుర్చీలతోనే పని మిగిలిందని మాకు తెలిసింది.

తిరుగు రైల్లో అక్క వరంగల్ దాకా మాతో వచ్చింది. ఎవరూ పని మాటలు ఎత్తలేదు. దిగేముందు లేచి నిలబడి, ఏదో మరిచిపోయినదానిలా నా వైపు తిరిగి, "ఇంతకు ఇయ్యాల ఏం కూర?" అంది. చిక్కుడుకాయ అన్నాను, నోటితోనే.

ఇంటికెళ్ళాక అమ్మకు ఫైలు వినిపించాను. మధ్యలో ఆపి, ఇది ఎవరని అడిగింది. నేనేనన్నాను. నమ్మలేదు. ఇంకోసారి పెట్టమంది. తర్వాత చేట తీసుకుని కందుల దగ్గరికి పోతూ, పొరుగింటామెతో తన బిడ్డ పనేమిటో గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. చాలా తప్పులు చెప్పింది, నేను దిద్దలేదు. బచ్చన్నపేట బడి మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఫాల్గుణంలో పత్తి అమ్ముడుపోయింది. డీసీఎం లారీ వచ్చి ఒక్క పూటలో గది ఖాళీ చేసింది. కుప్ప అడుగున నేను మరిచిపోయిన లైబ్రరీ పుస్తకం ఒకటి దొరికింది, బాపు దాన్ని దులిపి బల్ల మీద పెట్టాడు. మర్నాడు తొమ్మిదిన్నరకు నేను గోంగూర అని చెబితే, ఆ మాట గోడలకు తగిలి నాలుగుసార్లు నాకే వినబడింది. "బావిల కూసున్నవా చెల్లె?" అన్నాడు అన్న.

సేటును చూసి మానుకోటలో ఇంకో ఇద్దరు, జనగామలో నలుగురు పని ఇచ్చారు. పని పెరిగింది. ఏడాది తిరిగేసరికి అక్క జనగామలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఆమె భర్తకు భూపాలపల్లి నుంచి బదిలీ లేదు కాబట్టి వారానికి మూడు రోజులు తనే వచ్చిపోతుంది. ఇప్పుడు ఆరుగురం. నేను రోజూ పొద్దున బస్సెక్కుతాను. కొత్తవాళ్ళకు ప్రకటనలు ఎలా చదవాలో నేనే చెబుతాను, గొంతెత్తే చెబుతాను. ఏ గది పోతుందని ఆ రోజు మానుకోటకు పరుగెత్తానో, ఆ పని నిలబడడం వల్లే ఆ గది నాకు దూరమైంది. ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

మధ్యాహ్నం అందరం బల్ల మీద డబ్బాలు తెరుస్తాం. ఏం కూరో ఎదురుగా కనిపిస్తుంటుంది, కాబట్టి ఎవరూ అడగరు. డైరీలో మాత్రం ఇప్పటికీ పేజీ పైన కూర పేరే రాస్తాను. మొన్న అన్న డబ్బా మూత తీస్తుంటే, అందులో ఏముందో చూడకుండా కళ్ళు పక్కకు తిప్పుకుని అడిగాను.

"ఏం కూర అన్నా?"

అతను తీస్తున్న మూతను మళ్ళీ పెట్టేశాడు. భూపాలపల్లి నుంచి వచ్చి కూర్చున్న అక్క తలెత్తింది.

"చెప్పుకోండ్రి సూద్దాం" అన్నాడు. పప్పే.